ఫైరింజను ముందు బిందెల వరస

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు అలసట అంటే ఏమిటో తెలియదు, ఇప్పుడు అది తప్ప ఇంకేమీ తెలియదు. ఎండాకాలం వచ్చిందంటే ఒక గడ్డివామి ఆర్పి వచ్చి బూట్లు విప్పేలోపే ఇంకో గడ్డివామి అంటుకుంటుంది. ఆ రోజుల్లో మాత్రం స్టేషన్‌లో ఫోను మోగితే చాలు, పెళ్లిభోజనానికి పిలిచినట్టు పరుగెత్తేవాణ్ణి (పెద్దవాళ్లు వెనకాల నింపాదిగా ఎందుకు నడిచొచ్చేవారో మోకాళ్లు పట్టేశాక గాని తెలియలేదు).

అప్పట్లో మా దగ్గర ఒక ముసలి ఫైరింజను ఉండేది. ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, నెత్తిన చెక్క నిచ్చెన, పక్కన తాడు కట్టిన ఇత్తడి గంట. కొత్త బండి రావడంతో దాన్ని మూలకు నెట్టేశారు, ఇంకో వారంలో పాత ఇనుముకు పోతుందని కూడా తేలిపోయింది. దాన్ని ఇరవై ఏళ్లు తోలిన డ్రైవర్ మామకు (నాకేమీ మామ కాదు, స్టేషన్ మొత్తానికీ మామే) ఒకటే దిగులు. ఇన్ని మంటలు ఆర్పినా ఆ బండితో ఆయనకు ఒక్క ఫోటో కూడా లేదు. “పేపరోళ్లు వచ్చినారంటే బూడిదను తీస్తారు, చూడొచ్చిన నాయకుణ్ణి తీస్తారు. ఆర్పినోణ్ణి ఎవుడు తీస్తాడు రా?” అనేవాడు.

సరిగ్గా అప్పుడే హైదరాబాదు నుంచి ఇద్దరు దిగారు, ఒకాయనకు గడ్డం, ఇంకొకాయనకు టోపీ. పాత ఫైరింజను ఏ ఊళ్లో ఉందని తెలిసినా వెళ్లి ఫోటో తీయడం వాళ్ల పిచ్చి. మేము తుడవడానికే విసుక్కునే బండి కిందికి పాక్కుంటూ పోయి “అబ్బ, బోల్టులు కూడా అప్పటివే!” అని మురిసిపోతుంటే, మనుషులు బాగానే ఉన్నారా అని మాకు అనుమానం వచ్చింది. వాళ్లు కోరింది ఒక్కటే. బండిని కొండ ముందు నిలబెట్టాలి, నీళ్లు ఆకాశంలోకి ఎగజిమ్మాలి, బండి ముందు డ్రైవరు నిలబడాలి. ఆఫీసరు సార్ ఒప్పుకున్నారు. మామ మీసానికి రంగేసి, ఖాకీ బట్టలు ఇస్త్రీ చేయించి, నలుగుతాయని పొద్దుటి నుంచీ కూర్చోలేదు. నీళ్లు కారిపోయే దాని ట్యాంకును నింపలేక నా నడుం విరిగింది. ఉన్న నీళ్లు ఒక్క ఫోటోకే సరిపోతాయి.

కొనకనమిట్ల వైపు ఒక ఊరి బయట, కొండ ముందు బండి ఆపాం. ఎండ తగ్గాలని గడ్డమాయన, గాలి తగ్గాలని టోపీ ఆయన, మమ్మల్ని రెండు గంటలు నిలబెట్టారు. చివరికి టోపీ ఆయన “గంట కొట్టు తమ్ముడూ, ఊపు వస్తుంది” అన్నాడు. నాకంతకంటే ఏం కావాలి? తాడు పట్టుకుని వాయించేశాను. ఊపు సంగతేమో గాని, ఊరొచ్చింది. బిందెలు, బకెట్లు, ఒకామె చేతిలో కుక్కరు గిన్నె కూడా. అందరికంటే ముందున్న, గొర్రెలు కాసే ఒక పెద్దమ్మ గొట్టం మూతి కింద బిందె పెట్టి పక్కనే చతికిలబడింది.

“కొంచెం జరగమ్మా, ఫోటోలో పడుతున్నావు,” అన్నాడు గడ్డమాయన.

“పడితే పడనీ. ముందొచ్చింది నేను,” అంది పెద్దమ్మ.

“ఇది ట్యాంకరు గాదు పెద్దమ్మా, ఫైరింజను,” అన్నాడు మామ.

“దాంట్లో నీళ్లుండాయా, లేవా?”

“ఉండాయి.”

“అయితే ట్యాంకరే. ఇంతకూ యాడ అంటుకుంది నాయనా?”

“యాడా లేదు. ఊరికే పైకి కొడతాం, ఫోటోకి,” అన్నాను నేను, పెద్ద తెలివిగలవాణ్ణి కదా!

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “ట్యాంకరొచ్చి ఆరు దినాలాయె. గొర్రెపిల్లలు లేవలేకుండా ఉండాయి. నువ్వేమో నీళ్లు గాలికి కొడతావా?”

నేను మామ వైపు చూశాను. ఆయన కొండను చూశాడు, బండిని చూశాడు, అద్దంలో తన మీసాన్ని ఒకసారి చూసుకున్నాడు. “పంపు వేయొద్దు రా, ఊరికే వదులు,” అన్నాడు. నేను కంగారులో పంపే వేశాను. పెద్దమ్మ బిందె ఎగిరి చేలో పడింది, టోపీ ఆయన టోపీ ఎటుపోయిందో మళ్లీ దొరకలేదు. “నీ చేతులు పడిపోను!” అని పెద్దమ్మ, “వెధవా, ఆపు!” అని మామ. ఆ తర్వాత మామ ఇస్త్రీ బట్టలతోనే బురదలో మోకాళ్ల మీద కూర్చుని బిందె తర్వాత బిందె పట్టాడు. “తాగొద్దమ్మా, గొర్రెలకూ వాడకానికీ,” అని ఒక్కొక్కరికీ చెబుతూనే ఉన్నాడు. ఆఖరి బిందె సగం నిండేసరికి ట్యాంకూ అయిపోయింది, పొద్దూ గూకింది.

నెల తర్వాత ఫోటో వచ్చింది. అప్పటికి బండి లేదు. ఫోటోలో బండి ముక్కు, బిందెల వరస, మధ్యలో వంగిన ఖాకీ వీపు. మామ చాలాసేపు చూసి, “నా మీసం ఏది రా?” అన్నాడు. నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియలేదు. అయినా దాన్ని పటం కట్టించుకున్నాడు. ఇంటికొచ్చినవాళ్లు “ఇదేంది మామా, నీళ్ల ట్యాంకరా?” అంటే “ఆ, ట్యాంకరే” అనేవాడు.

అప్పటి కొత్త బండి కూడా ఇప్పుడు ముసలిదైపోయింది. మొన్న ఇద్దరు కుర్రాళ్లు కెమెరాలతో వచ్చి, నీళ్లు పైకి కొట్టించి, దాని ముందు నన్ను నిలబెట్టి తీస్తామన్నారు. నాకూ ఇన్నేళ్లలో ఒక్క ఫోటో లేదు. అలసిపోయాను, వద్దందామనుకుంటూనే ఇంటికి పోయి మీసానికి రంగేసుకుని వచ్చాను (సిగ్గు లేకపోతే సరి). “ఏ ఊరి దగ్గర తీద్దాం సార్?” అని అడిగారు.

“ఏ ఊరైనా సరే నాయనా,” అన్నాను. “ముందు ఆ ఊరికి ట్యాంకరు వచ్చిందో లేదో కనుక్కోండి.”