కరుప్పి మేడ మీది నుంచి పడ్డాక

మా నల్లపిల్లి కరుప్పి మేడ పిట్టగోడ మీద నడవడం మాకు కొత్త కాదు. ఆ మధ్యాహ్నం గోరింక మీదికి దూకబోయి అంచు దాటిపోయింది. నేను పక్కనే బట్టలు ఆరేస్తున్నాను. కింద ధబ్‌మని చప్పుడైంది. మెట్లు దిగి పరిగెత్తేసరికి అది లేచి, ఇంటి వెనక మరమగ్గాల షెడ్డులోకి నడిచి వెళ్తోంది.

"పిల్లి ఎంత ఎత్తునుంచి పడినా కాళ్లమీదే కదా నిలిచేది. పయపడాకు," అంది అత్త. నమ్ముదామనే అనుకున్నాను. కానీ అది పడ్డ బండ మీద నెత్తురు ఉంది.

షెడ్డంతా వెతికాం. కోవిల్‌పట్టిలోని మా ఇంట్లో మగ్గాలు ఆడుతుంటే పక్క మనిషి కేకేసినా వినపడదు, ఇక పిల్లి మూలుగు ఏం వినపడుతుంది? మా ఆయన మెయిన్ స్విచ్ ఆపేశాడు. చప్పుడు అణిగాక నూలు బస్తాల వెనక నుంచి ఊపిరి గురగురమంది. కరుప్పి నోరు తెరుచుకుని రొప్పుతోంది. నేను పశువుల డాక్టర్‌కి ఫోన్ కలిపాను.

అత్త చెంచాతో పాలు తెచ్చింది. మా ఆయన జ్వరం మాత్ర సగానికి విరిచాడు. ఆ మాట చెప్పగానే ఫోన్‌లో డాక్టర్ అరిచాడు. "నోట్లో ఏమీ పోయకండి! మనుషుల మాత్ర పిల్లికి విషం. మెడ పట్టి ఎత్తకండి. తువ్వాలు మీదికి మెల్లగా జరిపి, పెట్టెలో పెట్టి తీసుకురండి."

తీసుకెళ్తే పాలిపోయిన చిగుళ్లు చూసి "షాక్‌లో ఉంది" అన్నాడు. ఆక్సిజన్ పెట్టాడు, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చాడు, కాస్త తేరుకున్నాక ఎక్స్‌రేకి విరుదునగర్ పంపాడు. దారంతా పెట్టెలో చెయ్యి పెట్టి డొక్క కదులుతోందా అని చూస్తూనే ఉన్నాను. సాత్తూర్ దగ్గర కదలిక తెలియలేదు.

"కారు నిలపండి! ఊపిరి లే దీనికి!"

మా ఆయన ఆపాడు, ఇద్దరం వంగి చూశాం. ఊపిరి ఉంది.

విరుదునగర్ డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించింది. "న్యూమోథొరాక్స్. లంగ్స్ చుట్టూ గాలి చేరింది. పెల్విస్, అంటే నడుము కింది ఎముక కూడా చిట్లింది." సూదితో గాలి లాగింది. "యూరిన్ వచ్చిందా? రాకపోతే బ్లాడర్ పగిలిందేమోనని భయపడాలి."

రాలేదు. మర్నాడు ఊపిరి మళ్లీ బిగిసింది, మళ్లీ సూది. ఇక దక్కదనుకుని బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. సాయంత్రం అది మా ఆయన కట్టుకున్న వేష్టి తడిపేసింది. ఇంట్లో గుక్కెడు నీళ్లు ఒలికితే విసుక్కునే మనిషి, "పోసింది! పోసేసింది చూడు!" అని ఆసుపత్రి అంతా వినపడేలా అరిచాడు.

తర్వాత వారాల తరబడి బోనులోనే రెస్ట్. ఇప్పుడు కాస్త ఒరిగి నడుస్తుంది, తిండి మాత్రం తగ్గలేదు. పిట్టగోడకు వల కట్టించాం. అయినా ఎక్కడ ధబ్‌మన్నా ముందు కరుప్పి ఎక్కడుందో చూసుకుంటాను.

నేను చెప్పగలిగింది ఒక్కటే. పడిన పిల్లి లేచి నడిచినా నమ్మకండి. నొప్పి పుడితే పిల్లి చాటు వెతుక్కుంటుందని డాక్టరమ్మ చెప్పింది. పాలూ మాత్రలూ పక్కన పెట్టి అదే పూట చూపించండి.

మొన్న పక్కింటి పిల్లి గోడ మీంచి పడితే వాళ్లు "బాగా నడస్తానే ఉండాది" అన్నారు. మా అత్త అట్టపెట్టె పట్టుకుని పోయింది.

"నడిస్తే ఏమి? ముందు దీంట్లో పండబెట్టు," అంది.