చువ్వల అవతల మల్లేశ్

ముసురు పట్టినప్పుడు నాచారం ఫ్యాక్టరీల వైపు నుంచి ఘాటైన మందుల వాసన ఇప్పటికీ మా ఫ్లాటులోకి వస్తుంది. అది ముక్కుకు తగిలితే చాలు, అంజయ్య మామ ఇంటి ముందు గది, చల్లటి నల్ల గచ్చు, వేడెక్కిన టీవీ, దాని ముందు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న మా వాడ పిల్లలందరూ గుర్తొస్తారు.

వాడకంతా అదొక్కటే టీవీ. ఆదివారం పొద్దున అందులో చిన్న సినిమాలు వరుసగా వచ్చేవి, వారానికో కథ. అందులో ఉండేది మనలాంటి మనుషులే. దొరికిన సంచి తిరిగివ్వాలా, స్నేహితుడి తప్పు దాచాలా అని నలిగిపోయేవారు. అత్త పోసిన పల్లీలు నములుతూ చూసేవాళ్లం. కథ అయిపోగానే, ఫిట్టరు పని చేసే మామ టీవీ కట్టేసి ఒక్కొక్కరినీ లేపేవాడు.

"నువ్వైతే ఏం జేస్తుంటివిరా?"

"నిజం జెప్తుంటి మామా!" అందరికంటే పెద్ద గొంతు నాదే.

"జడ్జి సాబ్ లేసిండు, జర జాగ ఇయ్యిన్రి," అని అత్త నవ్వేది.

పతంగుల రోజుల్లో ఒక శనివారం, మామ మిద్దె మీది యాంటెన్నాకు నా పతంగి చిక్కింది. "గుంజకురా, ఇరుగుతది," అంటూ నా జతగాడు మల్లేశ్ గాజుపొడి పూసిన మాంజా దారాన్ని పట్టి ఆపబోయాడు. నేను గుంజాను. కడ్డీ విరిగింది. పట్టీలు చుట్టుకున్న నా వేళ్లకు ఏమీ కాలేదు. వాడి వేళ్లు తెగాయి.

మర్నాడు టీవీలో చుక్కలే. విరిగిన కడ్డీకి వేలాడుతున్న మాంజా చూసి వచ్చిన మామ, అందరి చేతులూ చాపించాడు.

"నువ్వేనా మల్లిగా?"

వాడు నా వైపు చూశాడు. నేను అరచేతిలో పల్లీల పొట్టు ఊదుకుంటూ తల దించుకున్నాను.

"మళ్ల నా ఇంట్ల అడుగువెడితే సూడు!"

యాంటెన్నా బాగయ్యాక మల్లేశ్ కిటికీ చువ్వలు పట్టుకుని బయటి నుంచే చూసేవాడు. ఒక వారం కథలో ఒకడు చేసిన తప్పు ఇంకొకడి మీద పడింది. మామ అడిగాడు. కిటికీ వైపు చూడకుండా, అలవాటు కొద్దీ లేచాను.

"ఒప్పుకుంటుంటి మామా."

అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాతి ఆదివారం కిటికీ దగ్గర మల్లేశ్ లేడు. ఎండాకాలంలో వాళ్లు ఇల్లు ఖాళీ చేసి బోడుప్పల్ పోయారు. ఉప్పల్ దాటితే బస్సులో ఎంతో దూరం లేదు. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ వెతుక్కుంటూ వెళ్లలేదు.

ఇప్పుడు మామ లేడు, మిద్దెల మీద యాంటెన్నాలు లేవు. మొన్న ముసురులో మా అమ్మాయి ఫోనులో అలాంటి కథలే వరుసగా చూసి తలెత్తింది.

"నువ్వైతే ఏం జేస్తుంటివి డాడీ?"

"నిజం జెప్తుంటి బిడ్డా," అన్నాను, ఆలోచించకుండానే.

ఆమె నమ్మింది. నేను కిటికీ వైపు చూశాను. మూడో అంతస్తు మాది. చువ్వల అవతల వాన తప్ప ఎవరూ లేరు.