దుప్పటి పరవడం నేర్చుకున్న నెల

మొన్న మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. నర్సింగ్‌లో సీటు వచ్చిందట. "పెద్దమ్మా, చేరిన కొత్తలో ఎలా ఉంటుంది? ఏమేం నేర్పుతారు?" అని అడిగింది. ఇరవై ఏళ్లు దాటింది నేనీ ఉద్యోగంలోకి వచ్చి. కాస్త పెద్దరికంగా ఏదైనా చెప్పాల్సింది. తీరా నోట్లోంచి వచ్చింది మాత్రం, "ముందు దుప్పటి పరవడం నేర్పుతారమ్మా" అని. అది పకపకా నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు.

మాది దర్శి దగ్గర పల్లెటూరు. పత్తి, మిరప వేసే ఇల్లు. అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. అక్కడ రోగులు డాక్టరు కన్నా తెల్లచీర సిస్టర్ కోసమే తలలు తిప్పి చూడటం గమనించాను. ఇంటర్ అయ్యాక నర్సింగ్‌లో చేరతానంటే అమ్మ వద్దంది, నాన్న సరేనన్నాడు. అలా తొంభైల చివర్లో ఒక అక్టోబరు నెలలో, ఒక రేకు పెట్టె, పండుమిరప పచ్చడి సీసా పట్టుకుని గుంటూరులో నర్సింగ్ స్కూల్ హాస్టల్‌కి చేరాను. వెళ్లిన మర్నాడే సూది చేతికిస్తారని నా నమ్మకం. ఇచ్చింది దుప్పటి. మూల మడతలు ఉత్తరం కవరులా రావాలి. మా ట్యూటర్ మేడమ్ అరచేత్తో పరుపంతా నిమిరి చూసేది. చిన్న ముడత తగిలినా లాగి కింద పడేసేది. "నీకిది ముడత. కదల్లేని మనిషికి వారం తిరక్కుండా పుండు," అనేది. మంచం మీద రోగి బదులు ఒక చెయ్యి ఊడిన బొమ్మ ఉండేది. దాన్ని మేం తాతయ్య అనేవాళ్లం. తాతయ్యకు రోజుకు నాలుగుసార్లు స్నానం. పాపం, మా ఇళ్లలో ఏ తాతకీ అంత సేవ జరిగి ఉండదు.

రెండో ఆదివారం నాన్న చూడ్డానికొచ్చి, "ఏం నేర్పార్రా అమ్మా?" అన్నాడు. దుప్పటి పరవడం అన్నాను. "దానికి గుంటూరు దాకా రావాలా?" అని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఆ ఏడుపుకి అసలు కారణం దుప్పటి కాదు. నేను పదో తరగతిదాకా తెలుగు మీడియం. ఇంటర్ ఎలాగో గట్టెక్కాను. ఇక్కడ పాఠమంతా ఇంగ్లిషు. ఎముకల పేర్లన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టేదాన్ని. పరీక్ష పెడితే సున్నాకు దగ్గర్లో వచ్చింది. దానికి తోడు మూడో వారంలో ఒకాయన కాలిపుండుకి కట్టు మారుస్తుంటే చూసి, కళ్లు తిరిగి పడిపోయాను. రోగి లేచి నాకు నీళ్లిచ్చాడు. ఆ సాయంత్రమే ఎస్టీడీ బూత్ నుంచి మా ఊళ్లో ఫోనున్న ఇంటికి చేసి, ఆదివారం వచ్చి తీసుకెళ్లిపొమ్మని నాన్నకు కబురు పెట్టాను.

ఆదివారం ఇంకా మూడు రోజులుందనగా, పొద్దున పక్కలు మార్చడానికి మమ్మల్ని వార్డుకి తీసుకెళ్లారు. నా వంతు వచ్చిన మంచం మీద నలభై ఏళ్ల మనిషి. చెమటతో తడిసిపోయి, నోటెంట చొంగ కారుతూ పడి ఉన్నాడు. పక్కనే భార్య. హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్ర డాక్టరు అప్పుడే చూసి, "పొద్దున్నే తాగొచ్చాడు. సెలైన్ ఎక్కించండి, దిగుతుంది," అని సిస్టర్‌తో చెప్పి హడావిడిగా పక్క వార్డుకి వెళ్లాడు. నేను దుప్పటి లాగడానికి వంగాను. ఆయన చొక్కా నుంచి గుప్పున వాసన కొట్టింది. అది సారా వాసన కాదు. మా వసారాలో, మా నాన్న చొక్కా మీద, పుట్టినప్పటి నుంచీ నేనెరిగిన వాసన.

"ఏమైందమ్మా?" అని ఆవిణ్ని అడిగాను.

"డాక్టరు బాబుకి చెప్పా కదమ్మా, మందు కొట్టాడని! పచ్చపురుగు పడిందని నిన్నంతా కొట్టాడు, మళ్లీ తెల్లారకముందే వీపుకి పంపు తగిలించుకుని పోయాడు. గట్టు మీద పడిపోయాడు."

 పరుగెత్తి ట్యూటర్ మేడమ్ దగ్గరికెళ్లాను. "మేడమ్, ఆయన తాగలేదండి. మందు కొట్టాడండి. పత్తికి!" మేడమ్ ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. వచ్చి ఆయన కనురెప్ప ఎత్తి చూసింది. కంటిపాప సూదిమొనంత ఉంది, పురుగుమందు ఒంట్లోకి ఎక్కిన గుర్తు. "డాక్టర్ని పిలవండి!" అని అరిచి, నా వైపు తిరిగి, "నువ్వు చొక్కా కత్తిరించు. సబ్బు పెట్టి ఒళ్లంతా కడుగు," అంది. డాక్టరు పరుగున వచ్చి విరుగుడు సూది మొదలుపెట్టాడు. నేను గ్లవ్స్ తొడుక్కుని, తాతయ్యను కడిగిన వరసలోనే మెడ, చేతులు, వీపు కడిగాను. కళ్లు తిరగలేదు. తిరగాలన్న సంగతే గుర్తు రాలేదు.

మధ్యాహ్నానికి చొంగ ఆగింది. సాయంత్రం ఆయన భార్యను పేరు పెట్టి పిలిచాడు. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. మర్నాడు ఆ కుర్ర డాక్టరు నా దగ్గరికి వచ్చి, "సారీ సిస్టర్. మీ వైపు ఇంకా వేటివేటిని మందంటారో ఓసారి రాసివ్వండి," అన్నాడు. నన్ను సిస్టర్ అన్న మొదటి మనిషి ఆయనే. మేడమ్ మాత్రం మెచ్చుకోలేదు. నా నోటు పుస్తకం తెరిచి, తెలుగులో రాసుకున్న ఎముకల పేర్లు చూసి, "రేపట్నుంచి సాయంత్రాలు నా గదికి రా. ఇవి ఇంగ్లిషులో రాయడం నేను నేర్పుతా," అంది. ఆరు నెలలు నేర్పింది. ఈ రోజు నేను తినే ప్రతి ముద్దలోనూ ఆవిడ పాలుంది.

ఆదివారం నాన్న ఖాళీ సంచి ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు. "పెట్టె సర్దావా?" అన్నాడు.

"నేను రాను నాన్నా. నువ్వే ఒక మాట వినాలి. మందు కొట్టేటప్పుడు ముక్కుకి, నోటికి గుడ్డ కట్టుకో. ఇంటికి రాగానే బట్టలు విప్పి సబ్బుతో స్నానం చెయ్యి. చొక్కా వసారాలో తగిలించొద్దు."

నాన్న చంకలో సంచి తీసి మడిచాడు. "దుప్పట్లే అన్నావు?" అన్నాడు. ఆ మధ్యాహ్నం బస్సెక్కే ముందు ఏమనుకున్నాడో, "అలాగేనమ్మా, కట్టుకుంటా," అన్నాడు. నాకు తెలిసినంతలో నాన్న నా దగ్గర పాఠం చెప్పించుకోవడం అదే మొదలు. ఆ ఏడు ఆయన ముఖానికి గుడ్డ కట్టుకుని పత్తిలో నిలబడితే ఊరంతా నవ్విందట. రెండేళ్లకు నవ్వినవాళ్లలో కొందరు కట్టుకున్నారు.

ఎన్నో బ్యాచ్‌లు, ఎన్నో వార్డులు నా చేతుల మీదుగా వెళ్లాయి. వాటిలో ఏ ఏడు ఏది జరిగిందో చెప్పమంటే తడుముకుంటాను. ఆ ఒక్క నెల మాత్రం రోజు రోజుగా గుర్తుంది. మనం బతికిన కాలమంతా ఒకే కొలతలో ఉండదు కాబోలు, కొన్ని ఏళ్లు రోజుల్లా పోతాయి, ఒక్కో నెల మాత్రం జీవితమంత పొడుగుంటుంది.