నాలుగో నిబంధన

బతికుండగానే తన పరామర్శ తానే విన్నవాళ్ళు లోకంలో తక్కువ. నేను విన్నాను. బ్రాడీపేటలో ఒక ఆస్పత్రి మంచం మీద, చేతికి సెలైన్‌తో పడుకుని, "మా తమ్ముడు ఎంత మంచివాడో" అని మా అక్క పక్క మంచాలవాళ్ళకి చెబుతుంటే కళ్ళు మూసుకుని విన్నాను. తెరిచే ధైర్యం లేక.

నన్నక్కడికి చేర్చింది మిరపతోటా కాదు, అందులోని పురుగూ కాదు. నా పాండిత్యం.

అప్పటికి నా భార్య అనసూయ పోయి ఎనిమిది నెలలు. నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి. మాకున్న రెండెకరాల మిరపని ముప్ఫై ఏళ్ళు ఆవిడే చూసుకుంది. నేను గట్టు మీద కుర్చీ వేసుకుని పుస్తకం చదువుకునేవాణ్ణి. ఆవిడ పోయాక కుర్చీ మిగిలింది, పుస్తకం మిగిలింది. తోట గురించి మాత్రం నాకేమీ తెలియదు. తెలియనివాడు తెలిసినవాళ్ళని అడగాలి. మాస్టారు అడగడు కదా, చార్టు రాస్తాడు.

రాశాను. "పురుగు మందు కొట్టేవారు పాటించవలసిన పది నిబంధనలు." గుండ్రటి అక్షరాలు, ఎర్ర సిరాతో అంచు. మోటారు షెడ్డు తలుపుకి అంటించి, పదిహేనేళ్ళుగా మా తోటకి మందు కొడుతున్న మస్తానుని దాని ముందు నిలబెట్టాను.

"గట్టిగా చదువు."

"నాలుగు. నాజిల్‌లో నలక అడ్డుపడితే నోటితో ఊదరాదు."

"ఎందుకు ఊదరాదు?"

"మందు నోట్లోకి పోద్ది మాస్టారూ."

"నువ్వెప్పుడైనా ఊదావా?"

మస్తాను బుర్ర గోక్కున్నాడు. "కుర్రతనంలో ఊదానండీ. అమ్మగారు తిట్టాక మానేశాను."

అక్కడ ఆగవలసింది. ఆగితే ఇది రాసే పని ఉండేది కాదు. పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. యాభై ఏళ్ళ మనిషి చేతులు కట్టుకుని పదో తరగతి పిల్లాడిలా విన్నాడు.

అదే ఊపులో, వీపుకి తగిలించుకుని మందు కొట్టే పంపు వైపు చూశాను. దాని బెల్టుకి పురికొసతో ఒక పాత టూత్‌బ్రష్షు వేలాడుతోంది.

"ఇదేంటయ్యా, పంపు పళ్ళు తోముకుంటుందా?"

"అమ్మగారు కట్టారండీ. అది దేనికంటే..."

"చూడ్డానికి అసహ్యంగా ఉంది" అని బ్లేడుతో పురికొస కోసేశాను.

అది అసహ్యంగా లేదు. అనసూయ ఒకప్పుడు పళ్ళు తోముకున్న బ్రష్షు. తోటకి వెళ్ళినప్పుడల్లా అది కంటపడటం నా వల్ల కాలేదు. ఆ మాట మస్తానుతో చెప్పడానికి సిగ్గేసింది. అసహ్యం అనడానికి సిగ్గెయ్యలేదు.

వారం తిరక్కుండా పూతలో నల్ల తామర పురుగు కనపడింది. పూత రాలిపోతోంది. "రేపు పొద్దున్నే మందు కొడదామండీ" అన్నాడు మస్తాను. "నువ్వు కాదు, నేను కొడతాను. జాగ్రత్తగా ఎలా కొట్టాలో చూద్దువుగాని" అన్నాను.

పెళ్ళికొడుకుగా కూడా నేనంతసేపు ముస్తాబు కాలేదు. పొడుగు చేతుల చొక్కా, చేతులకి తొడుగులు, కళ్ళద్దాలు, మూతికి మాస్కు. మూడు సాళ్ళు కొట్టానో లేదో, తుంపర ఆగిపోయింది. కాలవ నీళ్ళని గుడ్డలో వడకట్టాలన్న సంగతి నా పది నిబంధనల్లో లేదు. అనసూయకి తెలుసు. చార్టుకి తెలియదు.

నాజిల్ ఊడదీశాను. పుల్ల కోసం చూశాను, లేదు. బ్రష్షు కోసం... సరే.

ఇప్పుడు నేను చేసిన పని దయచేసి నెమ్మదిగా చదవండి. ఎడం చేత్తో మాస్కు కిందికి లాగాను. నాజిల్ పెదాల మధ్య పెట్టాను. ఊదాను. రాలేదు. ఇంకా బలంగా ఊదడం కోసం, నాజిల్ నోట్లోంచి తియ్యకుండానే, ముందు గట్టిగా ఊపిరి పీల్చాను. చెప్పేవి శ్రీరంగ నీతులు, పీల్చేవి నాజిళ్ళు.

"మాస్టారూ!" అని మస్తాను కేక.

నాలుక తిమ్మిరెక్కింది. మస్తాను మంచినీళ్ళతో నా నోరు కడిగించి, నా చొక్కా విప్పించి, మందు డబ్బా సంచిలో వేసుకుని, ఆటో పిలిచాడు. డబ్బా వెంట తీసుకెళ్ళాలన్నది తొమ్మిదో నిబంధన. రాసినవాడికి ఆ క్షణాన గుర్తు లేదు, చదివినవాడికి ఉంది.

ఊరి సెంటర్లో ఎవరో "ఏమైందిరా?" అంటే, ఆటోలోంచి మస్తాను "మాస్టారి నోట్లోకి మందు పోయింది" అన్నాడు. నిజమే అన్నాడు. కానీ భార్య పోయిన మనిషి, ఒంటరిగా ఉండే మనిషి, నోట్లో పురుగు మందు. మా వైపు ఇక మిగతాది ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను బ్రాడీపేట చేరేలోపు పొన్నూరులో మా అక్క బస్సెక్కేసింది.

డాక్టరు డబ్బా చూసి మందులు మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి ప్రాణం కుదుటపడింది. పరువు సంగతి అప్పుడు మొదలైంది. కానిస్టేబులు వచ్చాడు.

"ఎందుకు తాగారు సార్?"

"తాగలేదు."

"అందరూ అదే అంటారు సార్. ఇంట్లో గొడవలా?"

"ఇంట్లో ఎవరూ లేరు."

అతను జాలిగా తలాడించి రాసుకున్నాడు. అక్క గొల్లుమంది. "నా దగ్గరికొచ్చి ఉండమంటే విన్నావట్రా! ఆ పుస్తకాలు పట్టుకుని కూర్చుంటివి!"

"మరి నోట్లోకి ఎట్టా పోయింది సార్?"

మస్తాను ఎదురుగా ఉన్నాడు. షెడ్డు తలుపు మీది చార్టు కళ్ళ ముందు మెదిలింది.

కానిస్టేబులు మస్తాను వైపు తిరిగాడు. "మందు కలిపింది నువ్వేగా? పెద్దాయన పరిస్థితి తెలిసి ఆయన చేతికెందుకిచ్చావ్? స్టేషన్‌కి రా, మాట్లాడదాం."

మస్తాను ఒక్కసారి నా వైపు చూశాడు. నేల చూపులు చూస్తూ, "నేనటు తిరిగి ఉన్నానండీ. ఏం జరిగిందో చూడలేదు" అన్నాడు.

రెండు బారల దూరంలో నిలబడి అంతా చూసిన మనిషి. నా పరువు కోసం తన మెడ మీదికి తెచ్చుకుంటున్నాడు. స్టేషన్‌కి వెళ్ళొచ్చినవాణ్ణి రేపు ఎవరు తోటలోకి పిలుస్తారు?

"నాజిల్ ఊదాను" అన్నాను.

"ఏంటి సార్?"

"నాజిల్‌లో నలక పడింది. నోటితో ఊదాను. పీల్చాను కూడా. ఊదకూడదని ఇతనికి పావుగంట పాఠం చెప్పింది నేనే. చార్టు కూడా ఉంది."

కానిస్టేబులు పెన్ను ఆపాడు. డాక్టరు గోడ వైపు తిరిగాడు, ఆయన భుజాలు కదులుతున్నాయి. అక్క ఏడుపు ఠక్కున ఆగింది.

"నాజిలా?"

"అవునక్కా."

"ఒరేయ్, దుఃఖం తట్టుకోలేక చేశావనుకుని పొన్నూరు నుంచి ఏడ్చుకుంటూ వచ్చానురా. బస్సులో కండక్టరు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. ఇప్పుడు వాడికేం చెప్పను?" అని, సెలైన్ లేని చేతి మీద ఒక్కటి చరిచింది.

మూడో రోజు తోటకి వెళ్ళాను. మస్తాను మందు కొట్టడం అయిపోయింది, పూత నిలబడింది. పంపు బెల్టుకి పాత బ్రష్షు మళ్ళీ వేలాడుతోంది.

"పారెయ్యలేదా?"

"అమ్మగారిది కదండీ. చూరులో దోపాను."

షెడ్డు తలుపు మీద చార్టు అలాగే ఉంది. నాలుగో నిబంధన కింద మాత్రం నీలం పెన్నుతో, వంకర అక్షరాలతో ఒక కొత్త ముక్క: "మాస్టారైనా సరే."

చెరపలేదు. కిందే సంతకం పెట్టాను.

ఆ బ్రష్షు సాక్షిగా ఆనాడే ప్రమాణం చేశాను, ఈ నోటితో ఇక దేన్నీ ఊదనని. కాఫీ వేడిగా ఉంటే చల్లారేదాకా కూర్చుంటాను. మొన్న నా డెబ్బయ్యో పుట్టినరోజుకి అక్క మనవరాలు కేకు తెచ్చి, "ఊదు తాతయ్యా" అంది. కొవ్వొత్తిని విసనకర్రతో ఆర్పాను. పక్కనే ఉన్న మస్తాను నవ్వలేదు. పాపం, చాలా కష్టపడ్డాడు.