సెలైన్ స్టాండుకి తగిలిన చెయ్యి

నేను ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్‌ని. ఆ మాట చెబితే చాలామంది "అంటే నర్సువా?" అని అడుగుతారు. కాదని వివరించేంత మాటకారిని కాను. ఇంటర్ బైపీసీ అయ్యాక డాక్టరు సీటు వచ్చే ర్యాంకు నాకు రాలేదు. పారామెడికల్ కాలేజీలో ఓటీ డిప్లొమాలో చేరాను. మత్తు యంత్రాలు, సూక్ష్మక్రిములు, పనిముట్లు, అన్నీ పుస్తకంలో ఉన్నంతవరకూ హాయిగానే ఉండేది. పనిముట్ల బొమ్మలు డైరీలో వేసుకుని, పక్కన వాటి గుణాలు రాసుకునేదాన్ని, మనుషుల గురించి రాసినట్టు. చివరికి ఇంటర్న్‌షిప్పు కోసం ఎల్బీనగర్‌లో ఒక చిన్న ఆసుపత్రికి పంపారు. ఈ పనికి గొంతు కావాలని అక్కడే తెలిసింది.

సర్జన్ చేతికి ఏది ఇచ్చినా పేరు చెప్పి ఇవ్వాలి. రక్తం అద్దే గుడ్డలు ఎన్ని లోపలికి వెళ్ళాయో, ఎన్ని బయటికి వచ్చాయో పైకి లెక్కపెట్టాలి. నా మాట మాస్కు దగ్గరే ఆగిపోయేది.

థియేటర్ ఇన్‌చార్జి సిస్టర్‌ది గుంటూరు వైపు. మూడో వారంలో నన్ను పక్కకి పిలిచింది.

"చేతులు బాగానే పనిచేస్తున్నాయమ్మా నీకు. నోరే లేదు. ఏమిచ్చావో ఆయనకి తెలియాలా, వద్దా? నెలాఖరు దాకా చూస్తాను. మారకపోతే స్టెరిలైజేషన్ గదికి పంపించేస్తా. కత్తెరలు కడుక్కుంటూ కూర్చో, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు."

నిజానికి ఆ గది నాకు ఇష్టమే. కానీ థియేటర్‌లో ఒక క్షణం ఉంటుంది. సర్జన్ చెయ్యి నా వైపు తిరగకముందే, తరవాత ఏం కావాలో నాకు తెలిసిపోతుంది. పేజీ తిప్పకముందే వాక్యం ఎటు పోతుందో తెలిసినట్టు. దాన్ని వదులుకోవడం నా వల్ల కాదు.

నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో సేల్స్‌మన్. మాట్లాడటమే ఆయన పని. సంగతి చెబితే వంటింట్లోనే థియేటర్ పెట్టాడు.

"నేను డాక్టర్ని. ఏమిస్తున్నవో జెప్పి ఇయ్యి" అని చెయ్యి చాపాడు.

"ఆర్టరీ ఫోర్సెప్స్" అని గరిటె ఆయన చేతిలో పెట్టాను.

"ఏంది? గిట్ల గొణిగితే మా షాపుల కర్చీఫ్ గూడ అమ్ముడువోదు బిడ్డా."

"ఆర్టరీ ఫోర్సెప్స్!"

"మీ డాక్టర్గిరి సల్లగుండ, జర గా గరిటె ఇటియ్యిన్రి. పప్పు అడుగంటుతున్నది" అంది అమ్మ.

నెల చివరి వారంలో ఒక పొద్దున హెర్నియా ఆపరేషన్. పేషెంటు కొత్తపేట రైతుబజార్‌లో ఆకుకూరలు అమ్మే పెద్దాయన. నడుముకి మత్తు ఇచ్చారు కాబట్టి మెలకువగానే ఉన్నాడు. ఆయన మొహానికీ మాకూ మధ్య ఆకుపచ్చ గుడ్డ అడ్డంగా కట్టారు. నేను గౌను, గ్లవ్స్ వేసుకుని ట్రేలో పనిముట్లు సర్దుతున్నాను. ఒకడుగు వెనక్కి వేసినప్పుడు కుడి చేతికి ఏదో తగిలింది. సెలైన్ స్టాండు, క్రిములు లేకుండా శుభ్రం చేసిన వస్తువు కాదది. తగల్లేదేమో అనుకున్నాను. అలా అనుకుంటూనే ఆ చేత్తో మరో నాలుగు పనిముట్లు వరసలో పెట్టేశాను.

శుభ్రంగా ఉందా లేదా అని అనుమానం వస్తే, లేనట్టే లెక్క. కాలేజీలో మొదటి వారమే నేర్పారు. తగిలిన వెంటనే చెప్పి గ్లవ్స్ మార్చుకుని ఉంటే సరిపోయేది. ఇప్పుడు ట్రే మొత్తం తీసెయ్యాలి.

ఎవరూ చూడలేదు. సిస్టర్ అటు తిరిగి ఉంది. సర్జన్ తడి చేతులు పైకెత్తి లోపలికి వచ్చాడు. బయట ఇంకో రెండు కేసులు. నెలాఖరుకి నాలుగు రోజులు. గ్లవ్ మీద మరక కూడా లేదు.

ఇన్నేళ్ళూ నేను నోరు విప్పకపోవడం వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. సిగ్గరి పిల్ల అన్నారు, అంతే. ఇప్పుడు ఊరుకుంటే దాని ఫలితం ఆ పెద్దాయన ఒంట్లోకి పోతుంది.

"సార్, ఈ ట్రే వద్దు" అన్నాను. ఎవరూ వినలేదు. సర్జన్ గౌను వేసుకుని నా పక్కకి వచ్చి చెయ్యి చాపాడు.

"సార్, ఆగుండ్రి!"

అందరూ నా వైపు తిరిగారు.

"ఏమైంది?" అన్నాడు సర్జన్.

"నా చెయ్యి సెలైన్ స్టాండుకి తగిలింది సార్. అదే చేత్తోని ట్రే సర్దిన."

"ఎవరన్న చూసిన్రా?"

"లేదు సార్. నాకు తెలుసు."

ఆయన గడియారం వైపు చూశాడు. "ఇంకో సెట్టు తియ్యిన్రి" అని చేతులు ఛాతీ మీద ముడుచుకుని పక్కకి జరిగాడు.

గుడ్డ అవతల నుంచి పెద్దాయన గొంతు వినిపించింది. "ఏమైంది బిడ్డా? అయిపోయిందా?"

"ఇంకా షురూ కాలే తాతా. నాతోని తప్పయింది. సామాన్ మారుస్తున్నం."

"మార్చున్రి, మార్చున్రి. మా బజార్ల అయితే కింద వడ్డ కట్టను దులిపి మళ్ల కుప్పల వెడ్తం."

"ఇగ నీ కాడ కొనను తాతా" అంది మత్తు డాక్టరమ్మ. సర్జన్ మాత్రం నవ్వలేదు.

గౌను, గ్లవ్స్ మార్చుకుని మొదటి నుంచీ మళ్ళీ సర్దాను. ఆపరేషన్ ఆలస్యంగా మొదలై మామూలుగా ముగిసింది. పేర్లన్నీ పైకి చెప్పాను. గుడ్డలు లెక్కపెట్టి "అయిదుకి అయిదు సార్" అన్నప్పుడు ఆయన తలూపాడు, అంతే.

పేషెంటుని బయటికి తీసుకెళ్ళాక సిస్టర్ నా దగ్గరికి వచ్చింది.

"తగిలినప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"తగల్లేదనుకున్నా సిస్టర్."

"కాదు. తగలకపోతే బాగుండుననుకున్నావ్."

ఆమె చెప్పిందే నిజం.

"పాడుచేసిన సెట్టంతా సాయంత్రం నువ్వే కడిగి ప్యాక్ చెయ్యి. రేపు మొదటి కేసు ఎనిమిదింటికి. ముందే వచ్చి గౌను వేసుకుని ఉండు."

"మరి నెలాఖరుకి..."

"నెలాఖరుకి ఏమైంది? అప్పుడూ కేసులుంటాయిగా" అని వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆ గదిలో ఒక్కదాన్నే కూర్చుని, ఒక్కో పనిముట్టు కీలు తెరిచి బ్రష్‌తో తోమాను. ఎవరి ఒంటినీ తాకని పనిముట్లు అవి. అయినా వాడినవాటిలాగే తోమాను. తడి ఆరాక రెండు పొరల గుడ్డలో చుట్టి, టేపు అంటించి, ప్యాక్ చేసినవాళ్ళు సంతకం పెట్టాల్సిన చోట నా సంతకం పెట్టాను.