స్లిప్ జిగ్‌కి సరైన పాఠం

అమెరికాలో, మోరిస్‌విల్‌లో మా ఇంటికి పావుగంట దూరంలో ఒక ఐరిష్ పబ్బు ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు అక్కడ ఒక మూల బల్ల చుట్టూ కుర్చీలు వేసుకుని కొందరు సంగీతం వాయిస్తారు. కచేరీ కాదు. స్టేజీ లేదు, మైకు లేదు, వినడానికి వచ్చినవాళ్ళు కూడా లేరు. పక్క బల్లలవాళ్ళు చేపముక్కలు తింటూ టీవీలో ఆట చూస్తుంటారు. దీన్ని సెషన్ అంటారు. ఎవరో ఒకరు ఒక ట్యూన్ మొదలుపెడతారు, అది తెలిసినవాళ్ళు కలుస్తారు, తెలియనివాళ్ళు బీరు తాగుతారు. నేను అక్కడ ఫిడేలు వాయిస్తాను. బీరు తాగను కాబట్టి, నాకు రాని ట్యూన్ వచ్చినప్పుడల్లా ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాను.

చిన్నప్పుడు కాకినాడలో ఒక టీచర్‌గారి దగ్గర ఏళ్ళ తరబడి కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. ఆవిడ దగ్గర ఒక కృతి పాఠం అయిందంటే అయినట్టే. పల్లవి వరసని కొంచెం కొంచెం మార్చి వాయించే సంగతులు ఉంటాయి కదా, అవి కూడా ఆవిడ చెప్పిన క్రమంలోనే రావాలి. అంటే మార్పుని కూడా మార్చకూడదు. ఎక్కడో విన్నది ఎవరైనా కలిపి వాయిస్తే, "ఇది ఎవరి పాఠం?" అని అడిగేవారు. జవాబు లేకపోతే కమాను కింద పెట్టాల్సిందే. అలాంటి చోటునుంచి వచ్చి ఈ పబ్బులో పడ్డాను. నేల మీద కూర్చుని ఫిడేలుని పాదానికి ఆనించి వాయించిన మనిషిని, కుర్చీలో కూర్చుని గడ్డం కింద ఇరికించుకోవడం నేర్చుకునేసరికే మెడ పట్టేసింది. తీగెల శ్రుతి కూడా మార్చుకున్నాను. ఇన్ని మార్చుకున్నదాన్ని, ట్యూన్ అయినా ఒకేలా ఉంటుందని ఆశపడ్డాను.

అక్కడ వాయించేవాటిలో స్లిప్ జిగ్ అని ఒక రకం ఉంది. మూడేసి చొప్పున మూడుసార్లు, మొత్తం తొమ్మిది దెబ్బల నడక. రూపకతాళాన్ని తిశ్రనడకలో వేసుకుంటే సరిపోతుంది. తాళంతో నాకు తగాదా లేదు. తగాదా అంతా ఆ రకంలో మేం వారం వారం వాయించే ఒక జిగ్ స్వరాలతోనే. మా సెషన్‌కి పెద్దగా ఉండే ఆయన రిటైరైన స్కూల్ టీచర్. రెండు చేతుల మధ్య నొక్కుతూ లాగుతూ వాయించే చిన్న తిత్తి పెట్టె ఆయన వాద్యం, దాని పేరు కన్సర్టీనా. ఆ జిగ్ రెండో భాగంలో ఆయన నిషాదాన్ని కిందికి దించుతాడు. బాంజో అనే తీగెల వాద్యం వాయించే ఇంకో ఆయన పైకే ఉంచుతాడు. పోనీ ఒకరి తర్వాత ఒకరా అంటే, కాదు, ఇద్దరూ ఒకేసారి! రెండు నిషాదాలూ ఒకే బల్ల మీద కొట్టుకుంటుంటే నాకు పళ్ళు జివ్వుమంటాయి. వాళ్ళకి మాత్రం చీమ కుట్టినట్టైనా ఉండదు.

ఏది రైటు అని అడిగాను. రెండూ అన్నారు. మరి నేను ఏది వాయించాలి అన్నాను. నీ ఇష్టం అన్నారు. సరే కదా అని నా ఇష్టప్రకారం ఒక చోట చిన్న గమకం వేశాను. బల్ల చుట్టూ కనుబొమలు లేచాయి. "ఇంటరెస్టింగ్," అన్నాడు కన్సర్టీనా ఆయన. ఈ దేశంలో పదేళ్ళకి పైగా ఉద్యోగం చేస్తున్నాను, ఆ మాటకి అర్థం ఏమిటో నాకు తెలుసు. ఎలాగైనా వాయించవచ్చట, కానీ అలా వాయించకూడదట. ఒళ్ళు మండిపోయింది.

నిజానికి ఆ జిగ్‌ని ఆ బల్ల దగ్గరికి తెచ్చింది వాళ్ళిద్దరూ కాదు, చెక్క ఫ్లూట్ వాయించే ఒక పెద్దావిడ. డెబ్భై దాటాయి. హాస్పిటల్‌లో నర్సుగా చేసి రిటైరైంది. నేను మొదటిసారి వెళ్ళి ఫిడేలు పెట్టె పట్టుకుని నిలబడితే, తన పక్కన కుర్చీ లాగింది. ఆ జిగ్ నాకు నేర్పింది ఆవిడే. ఫోన్‌లో రికార్డ్ చేసుకోమంది. ఇంటికెళ్ళి, మా టీచర్‌గారి దగ్గర నేర్చుకున్నట్టే, విన్నది విన్నట్టు బట్టీ పట్టాను. తర్వాతి ఆదివారం గర్వంగా వాయించాను. బాంజో ఆయన వాయించడం ఆపి మరీ నవ్వాడు.

"ఆ రెండు చోట్లా ఎందుకు ఆగుతున్నావు?"

"ట్యూన్‌లో అక్కడ ఖాళీ ఉంది కదా."

"అది ట్యూన్ కాదు. ఆవిడ ఊపిరి తీసుకునే చోటు. నీ ఫిడేలుకి కూడా ఊపిరి కావాలా?"

ఫ్లూట్ వాయించేవాళ్ళు ఎక్కడో ఒక చోట స్వరం వదిలి గాలి పీల్చుకోవాలట. నాకేం తెలుసు? మా టీచర్‌గారు దగ్గినా అది పాఠంలో ఉందేమో అనుకునే పెంపకం నాది. పోనీ ఆ ఖాళీల్లో ఉండాల్సిన స్వరాలేమిటో చెప్పండి, నింపుకుంటాను అన్నాను. బాంజో ఆయన, కన్సర్టీనా ఆయన రెండు రకాలుగా చెప్పారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయన దగ్గర వెళ్ళబోసుకుంటే, తను ల్యాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా, "ఒక్క ట్యూన్‌ని వారం వారం ఇంత డిస్కస్ చేస్తారా? మా క్లయింట్ రిక్వైర్‌మెంట్స్ కూడా ఇన్నిసార్లు ఛేంజ్ అవ్వవు," అన్నాడు.

కిందటి చలికాలం ఆ పెద్దావిడకి న్యుమోనియా వచ్చింది. తగ్గింది కానీ ఊపిరి మునుపటిలా తిరిగి రాలేదు. ఒక ట్యూన్ వాయిస్తే తర్వాత రెండు కూర్చుని వింటుంది. కారు నడపడం మానేసింది, ఆదివారాలు నేనే తీసుకెళ్తున్నాను. తన జిగ్‌ని మాత్రం వదలదు. "దీన్ని చివరిదాకా వాయించలేని రోజున ఫ్లూట్ తుడిచి పెట్టెలో పెట్టేస్తాను," అని మా అందరికీ చెప్పింది. ఊరికే అనే మనిషి కాదు.

ఇలా ఉండగా ఐరిష్‌వాళ్ళ పెద్ద పండగ సెయింట్ పాట్రిక్స్ డే దగ్గరికొచ్చింది. ఆ ఒక్కరోజూ పబ్బు నిండా జనం ఆకుపచ్చ టోపీలు పెట్టుకుని వస్తారు, మావైపు తిరిగి వింటారు కూడా. అందుకని ఆ రోజుకైనా జిగ్‌ని అందరం ఒకేలా వాయిద్దామని కన్సర్టీనా ఆయన తీర్మానించాడు. ఇన్నాళ్ళకి బుద్ధి వచ్చిందనుకున్నాను. "నువ్వు విన్నది విన్నట్టు వాయిస్తావు. ఒక మంచి పాఠం రికార్డ్ చేసి గ్రూప్‌లో పెట్టు, అందరం అదే నేర్చుకుంటాం," అన్నాడు నాతో. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఈ ట్యూన్‌కి సరైన పాఠం స్థిరపరిచే భాగ్యం నాకే దక్కిందన్నమాట.

ఆ సంబరం సోమవారం దాకానే. నేను ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా బాంజో ఆయన ఫోన్ చేసి, పై నిషాదమే అసలుదనీ, కింది నిషాదం ఈ మధ్య ఎవరో కలిపిందనీ చెప్పాడు. మర్నాడు కన్సర్టీనా ఆయన వాయిస్ మెసేజ్‌లు పెట్టాడు, సరిగ్గా దీన్నే తిరగేసి. ఇద్దరూ ఎంతో మర్యాదగా, "నిర్ణయం నీదేలే," అని ముగించారు. రెండు రోజుల్లో నా తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి, ఆ భాగం రెండుసార్లు వస్తుంది కాబట్టి, మొదటిసారి పై నిషాదం, రెండోసారి కిందిది అని రాజీ కుదిర్చాను. ఇద్దరూ మొహాలు మాడ్చుకున్నారు కాబట్టి న్యాయం జరిగిందనే అనుకున్నాను.

ఇక మిగిలినవి ఆ రెండు ఖాళీలు. ఆదివారం కారులో వెళ్తూ, అక్కడ అసలు ఏ స్వరాలు ఉండాలో మీరే చెప్పండి అని పెద్దావిడని అడిగాను.

"హనీ, ఆ రెండూ అలాగే వదిలెయ్యి," అంది.

"అందరూ ఒకేలా వాయించాలనే కదండీ ఇదంతా? ట్యూన్‌లో చిల్లులు పెట్టి పంపనా?"

"జనం ఎక్కువ ఉంటే వాళ్ళు వేగం పెంచుతారు. నేను గాలి పీల్చుకునేలోపల ముందుకెళ్ళిపోతారు. కిందటి వారం రెండో భాగంలో నేను మళ్ళీ అందుకోలేకపోయాను. నువ్వు గమనించలేదు, ఎవరూ గమనించలేదు. ఆ రోజు కూడా అలాగే అయితే ఇక నన్ను తీసుకెళ్ళడానికి రాకు."

నాకు కోపం వచ్చింది. ఆవిడ మీదో, ఆగడం చేతకాని ఆ మగవాళ్ళ మీదో, నా ఖర్మ మీదో తెలీదు. ఇన్నేళ్ళకి ఒక్కసారి ఒక సరైన పాఠం తయారుచేసే అవకాశం వస్తే, అందులో కావాలని తప్పు పెట్టమంటుంది ఈవిడ! పార్కింగ్‌లో కారు తలుపు గట్టిగా వేశాను.

ఇంటికొచ్చి గది తలుపేసుకుని రికార్డ్ చేశాను. ఖాళీలు నింపి ఒకసారి, వదిలేసి ఒకసారి. నింపినదే బాగుంది, నాకు చెవులున్నాయి. అయినా రెండోది పంపాను. పంపి ఫోన్ దూరంగా పెట్టాను.

కన్సర్టీనా ఆయన వెంటనే ఫోన్ చేశాడు. "రెండు చోట్ల స్వరాలు పడిపోయినట్టున్నాయి."

"పడిపోలేదు. నేను నేర్చుకున్నదే అంత."

"ఎవరి దగ్గర?"

సరిగ్గా మా టీచర్‌గారి ప్రశ్న. ఆయన నోట్లోంచి రాగానే నాకు లోపల ఒక ధైర్యం వచ్చింది. ఎందుకంటే ఆ బల్ల దగ్గర అందరి గొప్పా అదే. ఈ ట్యూన్ నాకు ఫలానా ముసలాయన ఇచ్చాడు, ఆయనకి ఫలానా ఊళ్ళో వాళ్ళ అత్త ఇచ్చింది అని ప్రతివాడూ వంశవృక్షం విప్పుతాడు. నేను పెద్దావిడ పేరు చెప్పాను. "మనందరికీ ఆవిడేగా ఇచ్చింది. ఆవిడ పాఠంలో అక్కడ ఆగాలి," అన్నాను. అటువైపు ఆయన కన్సర్టీనా తీసి ఆ చోటు ఒకసారి వాయించి చూసుకున్నాడు. తర్వాత, "సరే," అన్నాడు.

ఆ తర్వాత ప్రాక్టీసు చూసి తీరాలి. ఏళ్ళుగా చేతులకి అలవాటైన స్వరాలని మింగడం బాంజో ఆయన వల్ల కాలేదు. ప్రతిసారీ ఖాళీలోకి జారిపడి తిట్టుకునేవాడు. నన్నూ తిట్టాడేమో, వినపడలేదన్నట్టే ఉన్నాను. నేను మా టీచర్‌గారిలా, "మళ్ళీ, మళ్ళీ," అన్నాను. పెద్దావిడ మాత్రం ఆ రెండు చోట్లా బుద్ధిగా గాలి పీల్చుకుంది.

ఆ రోజు రానే వచ్చింది. పబ్బులో ఇసక వేస్తే రాలని జనం. జిగ్ మొదలైంది, అనుకున్నట్టే వేగం పెరిగింది. మొదటి ఖాళీ వచ్చింది. ఫిడేళ్ళు, బాంజో, కన్సర్టీనా, అందరం కత్తితో కోసినట్టు ఆగాం.

ఫ్లూట్ ఆగలేదు.

ఆ ఖాళీలో ఆవిడ ఒక్కతే వాయించింది. ఎప్పుడో ముందే, ఎవరికీ తెలియని ఒక చోట గాలి పీల్చుకుంది. నాలుగైదు స్వరాలు. బాంజో ఆయన చెప్పినవి కావు, కన్సర్టీనా ఆయన చెప్పినవీ కావు. రెండో ఖాళీలోనూ అంతే. ట్యూన్ తిరిగి మొదలై మళ్ళీ ఆ చోటికి వస్తే, ఈసారి ఇంకో రకం. నాకు కమాను విసిరికొట్టాలనిపించింది. ఇంతమందిని బతిమాలి, తిట్లు తిని, చెవులు మూసుకుని నేను చిల్లులు పెట్టింది దేనికి? ఆవిడ మాత్రం చివరిదాకా వాయించింది. ఆఖరి స్వరం అయ్యాక ఫ్లూట్ ఒళ్ళో పెట్టుకుని రొప్పుతూ కూర్చుంది. మొహం ఎర్రగా కందిపోయింది.

జనం చప్పట్లు కొడుతుంటే ఆవిడ చెవి దగ్గరికి వంగాను. "అక్కడ మీరు ఊపిరి తీసుకోవాలి కదండీ! మేమంతా ఆగింది అందుకేగా?" అన్నాను. గొంతు నేను అనుకున్నదానికంటే గట్టిగానే వచ్చింది.

ఆవిడ ఇంకా రొప్పుతూనే ఉంది.

"అందరూ ఆగారు," అంది. "ఇన్నేళ్ళకి నా ఫ్లూట్ నాకు వినపడింది. అలాంటప్పుడు గాలి పీలుస్తూ కూర్చుంటానా?"

నాకు ఇంకా కోపంగానే ఉంది. కళ్ళు మాత్రం మసకబారాయి, చేతికందిన పేపర్ నాప్‌కిన్‌తో తుడుచుకున్నాను. ఇంతలో కన్సర్టీనా ఆయన బల్ల మీదుగా నావైపు వంగాడు.

"ఆ రెండు చోట్లా ఆవిడ వాయించింది ఏమిటి? చాలా బాగుంది. విని రికార్డ్ చేసి గ్రూప్‌లో పెట్టు, అందరం నేర్చుకుంటాం."

"పెట్టను," అన్నాను. "అక్కడ మీరు ఆగాలి. అంతే."