మధ్యగది కిటికీ

వడ్రంగి ఆఖరుసారి చేసిన పని, ఎదురింటి మధ్యగది కిటికీ మడతబందులకు నూనె వెయ్యడం. రెక్కలు రెండూ ఆడించి చూసుకుని, ఇంటికొచ్చి టీ తాగి, తన గదిలో నడుం వాల్చాడు. మళ్లీ లేవలేదు.

ఆ కిటికీ సంగతి తల్చుకుంటే తమ్ముడికి ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అన్న ఒంటరివాడు, తమ్ముడి కాపురం పక్కవీధిలో. పనికి మాత్రం ఇద్దరూ కలిసే వెళ్లేవారు.

ఎదురిల్లు మేడాయనది. యుద్ధానికి భయపడి పారిపోయి వచ్చినవాళ్లకు ఇల్లిస్తే గదికింతని ప్రభుత్వం అద్దె కడుతుందని తెలిసిన దగ్గర్నుంచి ఆయనకు కాలు నిలవలేదు. పొడుగాటి హాలును ప్లైవుడ్‌తో మూడు గదులు చేయించాడు. ముందుదానికీ వెనకదానికీ కిటికీలున్నాయి. మధ్యదానికి గాలి చొరబడే సందే లేదు.

ఏ గది కట్టినా, తలుపు మూసుకుని కాసేపు అందులో పడుకుని చూడందే అప్పగించేవాడు కాదు వడ్రంగి. ఈసారి చెమటతో తడిసి ముద్దై బయటికొచ్చాడు.

"ఇది గది కాదురా, బీరువా," అన్నాడు తమ్ముడితో.

ఆ బీరువాలోకి రావలసింది ఒక కుట్టుపనామె, ఉబ్బసంతో ఎగరొప్పే ఆమె తల్లీ. కిటికీ లేకపోతే తనిఖీ అధికారి గది ఒప్పుకోడు. ఒప్పుకోకపోతే వాళ్లిద్దరూ మళ్లీ గుడారాల శిబిరానికే. మేడాయనకు ఉపాయం తట్టింది. గోడ మీద ఉత్త చట్రం, రెక్కలు బిగించి, గడియ పెట్టి, పైన పరదా కట్టేయమన్నాడు.

"వెనకాల గోడుందో గాలుందో ఎవడు చూడొచ్చాడయ్యా?"

వడ్రంగి బుద్ధిగా తలూపాడు. మేడాయన పనిమీద ఊరెళ్లగానే అన్నదమ్ములు సుత్తీ ఉలీ పట్టుకుని సందువైపు గోడ పగలగొట్టారు. పక్కింటావిడ వచ్చి, పట్టపగలే కన్నమేస్తున్నారేమిటని వేళాకోళమాడి, ఆఖరికి తనే ఇటుకముక్కలు ఎత్తిపోసింది. చట్రమూ రెక్కలూ పాత సామాన్ల కొట్టులో దొరికాయన్నాడు అన్న. తమ్ముడు నమ్మాడు.

తనిఖీ రోజు తల్లీకూతుళ్లు కూడా గది చూసుకోవడానికి వచ్చారు. అధికారి పరదా తప్పించి గడియ మీద చెయ్యేశాడు. మేడాయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అది బిగుసుకుపోయిందండీ. రాదు."

వచ్చింది. రెక్కలు బార్లా తెరుచుకున్నాయి. గాలి రివ్వున దూసుకొచ్చి అధికారి చేతిలో కాగితాలు ఎగరగొట్టింది. సందు అవతల పక్కింటావిడ బట్టలారేస్తూ నమస్కారం పెట్టింది. ముసలామె కిటికీ దగ్గరికి నడిచి, కళ్లు మూసుకుని, గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. తమ్ముడికి ఈల వెయ్యాలనిపించింది.

"ఇంత మంచి కిటికీ పెట్టుకుని మూసేస్తారేంటండీ?" అధికారి మందలించాడు.

మేడాయన క్షణంలో తేరుకున్నాడు. "గాలి లేకపోతే మనిషెలా బతుకుతాడని నేనే పెట్టించానండీ."

అద్దె ఆయనకు ఇప్పటికీ వస్తోంది. ఆ మాటా ఇప్పటికీ చెబుతూనే ఉన్నాడు.

అన్న పోయిన మర్నాడు అతని గది నిండా జనం. ఉక్కపోతకు తట్టుకోలేక, కిటికీ తెరుద్దామని తమ్ముడు మంచం పక్కనున్న పరదా లాగాడు. వెనక కిటికీ లేదు. అది ఉండాల్సిన చోట, మేడాయన హాలులో మిగిలిన ప్లైవుడ్ ముక్క బిగించి ఉంది.